మజిలీ నుంచి కూడలి దాకా: హైదరాబాదు నడుమ సాగే మచిలీపట్నం రహదారి – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పుణె, సోలాపూర్, హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే జాతీయ రహదారి హైదరాబాదు నగరాన్ని వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దాటుతుంది. పటాన్‌చెరువు, కూకట్‌పల్లి, అమీర్‌పేట, నాంపల్లి, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, హయత్‌నగర్ ఈ దారి మీది ప్రధాన ప్రాంతాలు. దూరప్రయాణానికి ఏర్పడిన ఈ దారి నగరానికి ముఖ్యవీథిగా మారిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రహదారిపై ఆగడం నేటి రవాణా దృష్టిలో అడ్డంకిగా కనిపిస్తున్నా, చరిత్రలో ఆ ఆగడమే నగరాన్ని నిర్మించిందని ప్రతిపాదించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: రహదారి, మజిలీ, సరాయి, స్థలనామాలు, గోల్కొండ, మచిలీపట్నం, హైదరాబాదు.

1. ప్రవేశిక
'మజిలీ' అన్యదేశ్యంగా తెలుగులోకి వచ్చి స్థిరపడిన పదం. ప్రయాణంలో ఆగే చోటు, ఒక విరామానికీ మరొక విరామానికీ నడుమ నడిచిన దూరం అనే రెండర్థాలూ దీనికి ఉన్నాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్రలో హైదరాబాదు మీదుగా వెళ్ళాడు. ఆయన యాత్రాచరిత్ర ఊరి తరువాత ఊరుగా, మజిలీ తరువాత మజిలీగా సాగుతుంది. కాశీమజిలీ కథల్లోనూ కథ చెప్పే సందర్భం మజిలీయే. తెలుగువారి ప్రయాణ సాహిత్యంలో దారి అంటే ఆగిన చోట్ల వరుస. రహదారి చరిత్రకూ ఈ దృష్టి వర్తిస్తుంది.

2. గోల్కొండ కాలం: దారి ముందు, నగరం వెనుక
కుతుబ్‌షాహీ రాజ్యానికి గోల్కొండ రాజధాని, మచిలీపట్నం ప్రధాన రేవు. కలంకారీ వస్త్రాలు, కృష్ణాతీరపు వజ్రాలు ఆ రాజ్య వాణిజ్యానికి పేరు తెచ్చాయి. 1611లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకొంది. డచ్చివారు అంతకు ముందే అక్కడికి చేరారు. రాజధానినీ రేవునూ కలిపే దారి రాజ్యానికి ప్రాణనాడి వంటిది.

ఈ దారికి గోల్కొండ సమీపంలో మూసీనది అడ్డు. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో 1578లో పురానాపూల్ నిర్మాణం పూర్తయింది. చార్మినార్ నిర్మాణం 1591 నాటిది. అంటే వంతెన నగరం కంటే పదమూడేళ్ళు పెద్దది. నగరం కోసం వంతెన కట్టలేదు, వంతెన దాటి తూర్పుకు పోయే దారి మీద నగరం వెలిసింది. గోల్కొండ–మచిలీపట్నం వర్తకమార్గం మరొక దారిని కలిసే చోట చార్మినార్‌ను నిలిపారన్నది చరిత్రకారులు తరచుగా చెప్పే విషయం.

కోటకూ పురానాపూల్‌కూ మధ్య ఉన్న కార్వాన్ పేరులో బిడారు అనే అర్థం నిలిచి ఉంది. అది వర్తకులు విడిది చేసిన ప్రాంతం. నగరానికి తూర్పున, మచిలీపట్నం దిక్కున, మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె హయత్ బక్షీ బేగం పేరిట హయత్‌నగర్ ఏర్పడింది. అక్కడ మసీదుతో పాటు బాటసారుల సరాయి కూడా ఉండేది. నగరం నుంచి బయలుదేరిన ఎడ్లబళ్ళకు అది దాదాపు ఒక పూట ప్రయాణం. ఈ విధంగా నగరానికి రెండు వైపులా రెండు విడిది స్థలాలు ఏర్పడ్డాయి.

3. దారి ఉత్తరానికి జరిగిన వైనం
1687లో గోల్కొండ మొగలుల వశమైంది. తరువాత ఈ ప్రాంతం ఆసఫ్‌జాహీల పాలనలోకి వచ్చింది. 1759లో ఆంగ్లేయులు ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నాన్ని గెలుచుకొన్నారు. 1766 నాటి ఒప్పందంతో ఉత్తర సర్కారులపై కంపెనీ అధికారానికి నిజాం అంగీకారం లభించింది. అప్పటి నుంచి దారి ఒక కొస నిజాం రాజ్యంలో, మరొక కొస ఆంగ్ల పాలనలో ఉండిపోయాయి.

ఈ మార్పు నగరంలో దారి నడకపై కూడా ప్రభావం చూపింది. 19వ శతాబ్ది తొలి దశకంలో మూసీకి ఉత్తరాన బ్రిటిష్ రెసిడెన్సీ భవనం వెలిసింది. 1806లో సికిందరాబాదు కంటోన్మెంటు ఏర్పడింది. 1831లో రెసిడెన్సీకి సమీపంలో చాదర్‌ఘాట్ వంతెన కట్టారు. వీటితో నదికి ఉత్తరపు ఒడ్డున అధికారానికీ వర్తకానికీ కొత్త కేంద్రం తయారైంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ వీథుల విస్తరణ చేపట్టింది. శాసనసభ భవనం, నాంపల్లి రైల్వేస్టేషను, 1935 నాటి మొజంజాహీ మార్కెట్ ఈ ఉత్తర భాగంలోనివే.

పురానాపూల్ మీదుగా చార్మినార్ చేరిన పాత దారి క్రమంగా స్థానిక వీథిగా మిగిలింది. నాంపల్లి, చాదర్‌ఘాట్, మలక్‌పేటల దారి ప్రధానమైంది. పేరు 'మచిలీపట్నం దారి' అయినా, నగరంలో అది ఒకే గీత కాదు. అధికారకేంద్రం జరిగిన ప్రతిసారీ దారి కూడా దాని వెంట జరిగింది.

4. స్థలనామాల సాక్ష్యం
ఈ మార్పులను లిఖిత ఆధారాల కంటే స్థలనామాలు ఎక్కువగా భద్రపరిచాయి. లక్డీకాపూల్ ఒకనాటి కర్రవంతెనను గుర్తు చేస్తుంది. మూసారాంబాగ్ పేరు నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్‌కు సంబంధించినదని ప్రసిద్ధి. ఆయన 1798లో మరణించాడు, సమాధి ఆ సమీపంలోనే ఉంది. 'మొస్యే రేమండ్' ప్రజల నోట 'మూసా రాం' అయింది. ఎర్రగడ్డ అచ్చతెలుగు పేరు, నేల రంగును చెబుతుంది. సంజీవరెడ్డినగర్, లాల్‌బహదూర్‌నగర్ స్వాతంత్ర్యానంతర కాలానివి.

పారశీకం, ఉర్దూ, ఫ్రెంచి, తెలుగు ఒకే దారి మీద పక్కపక్కన నిలవడం విశేషం. ఆయా కాలాల్లో ఎవరు ఇక్కడ ఆగారో ఈ పేర్లు తెలుపుతాయి. దాటిపోయినవారి పేర్లు దారికి మిగలలేదు, ఆగినవారి పేర్లే మిగిలాయి. 'ఎస్.ఆర్.నగర్', 'ఎల్.బి.నగర్' అని పొడి అక్షరాలుగా కుదించినప్పుడు ఈ సాక్ష్యం కొంత మాసిపోతుంది.

5. జాతీయ రహదారి – నగరవీథి
1956 ఈ దారి చరిత్రలో ముఖ్యమైన ఏడు. ఆ ఏడే పార్లమెంటు జాతీయ రహదారుల చట్టం చేసింది. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, దాదాపు రెండు శతాబ్దాల తరువాత హైదరాబాదు, మచిలీపట్నం మళ్ళీ ఒకే ప్రభుత్వం కిందికి వచ్చాయి. 9వ నంబరు జాతీయ రహదారిగా ఈ దారి రాజధానికీ కోస్తాకూ మధ్య ఉద్యోగులు, విద్యార్థులు, వర్తకులు నడిచే దారి అయింది. 2010 నాటి కొత్త సంఖ్యావిధానంలో ఇది 65వ నంబరు పొందింది. 2014 జూన్ 2న రాష్ట్రవిభజనతో దారి కొసలు తిరిగి రెండు రాష్ట్రాలకు చెందాయి. అయినా సంక్రాంతి ముందు రోజుల్లో విజయవాడ వైపు బారులు తీరే వాహనాలు పాలనాసరిహద్దు మారినంత మాత్రాన జీవన సంబంధం తెగదని ఏటా రుజువు చేస్తున్నాయి.

పడమట రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరువులో ఇక్రిశాట్ ఏర్పడ్డాయి. కూకట్‌పల్లిలో గృహనిర్మాణ మండలి కాలనీ వెలిసింది. తూర్పున దిల్‌సుఖ్‌నగర్ విద్యాకేంద్రంగా, వ్యాపారకేంద్రంగా పెరిగింది. ఊళ్ళను కలిపే దారికి ఇరువైపులా నగరమే నిండిపోయింది. లారీ డ్రైవరుకు ఇది దాటవలసిన దూరం, చిరువ్యాపారికి బతుకుతెరువు, బస్సు కోసం నిలిచిన విద్యార్థికి నిత్యం ఆగే చోటు. ఈ ప్రయోజనాల ఘర్షణే నేటి రద్దీకి మూలం.

దీనికి వచ్చిన పరిష్కారాలు రెండు విధాలు. మొదటిది దాటిపోయేవారిని నగరం బయటికి మళ్ళించడం. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ముత్తంగి, పెద్ద అంబర్‌పేటల వద్ద ఈ దారిని కలిసి ఆ పని చేస్తోంది. రెండవది ఆగేవారికి కొత్త మజిలీలు కల్పించడం. 2017–18లో దశలవారీగా ప్రారంభమైన మియాపూర్–ఎల్.బి.నగర్ మెట్రోమార్గం చాలావరకు ఈ దారి వెంటే, సుమారు 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లతో సాగుతుంది. అంటే కిలోమీటరుకు కాస్త ఎక్కువ దూరానికి ఒక మజిలీ. ఎడ్లబండికి ఒక పూట పట్టిన మజిలీ దూరం ఇప్పుడు రెండు నిమిషాలకు కుదించుకుపోయింది.

6. ముగింపు
పై పరిశీలన వల్ల కింది విషయాలు స్పష్టమవుతున్నాయి.

• హైదరాబాదులో దారి నగరం కంటే ముందుది. నగరం ఆ దారి మీది మజిలీల నుంచి పెరిగింది.
• నగరంలో దారి గతి అధికారకేంద్రాలను అనుసరించి మారింది. పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్‌కు జరిగిన మార్పు ఇందుకు నిదర్శనం.
• స్థలనామాలు ఈ మార్పులకు ఆధారాలు. వాటిని పూర్తిరూపంలో వాడటం, నమోదు చేయడం అవసరం.

దూరప్రయాణపు భారాన్ని బాహ్యవలయ రహదారి మోస్తున్న ఈ కాలంలోనూ నగరంలోపలి దారిని వాహనవేగంతోనే కొలుస్తున్నారు. ఆ కొలతకు కాలిబాట, బస్సు నిలుపుదల, వీథి అంగడి అడ్డంకులుగానే కనిపిస్తాయి. పాదచారి రోడ్డు దాటడానికి పడే పాట్లు ఆ కొలతలోకి రావు. కార్వాన్, హయత్‌నగర్‌ల చరిత్ర ఇందుకు భిన్నమైన కొలతను చూపుతోంది. సరాయి కట్టించిన పాలకులు బాటసారి ఆగడాన్ని దారికి భంగంగా భావించలేదు, దారి ధర్మంగానే భావించారు. ఈ దారి విస్తరణకు సంబంధించిన ఏ నిర్ణయంలోనైనా ఎంతమంది దాటిపోగలరన్న ప్రశ్నతో పాటు ఎంతమంది నిలవగలరన్న ప్రశ్న కూడా అడగవలసి ఉంది.