కిరాయి బండి – నాడు, నేడు

కొత్త ఊరిలో రైలు దిగినవానికి మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: ఇచ్చటినుండి బసదాక కిరాయి ఎంత? దారి తెలియదు, దూరము తెలియదు, ధర తెలియదు. బండివానికి మూడును తెలియును. ఈ తెలిసినవానికిని తెలియనివానికిని నడుమ న్యాయము నిలుపుటకు జరిగిన ప్రయత్నములే కిరాయి బండి చరిత్ర యని మనము చెప్పుకొనవచ్చును.

ఈ తగవు ఒక్క మన దేశమునదే కాదు. లండను నగరమున కిరాయి బండ్లవారిని అదుపు చేయుచు 1654లోనే ఆర్డినెన్సు వెలువడినది. బ్రిటిషు ఇండియాలో 1879 నాటి చట్టము బండ్ల కిరాయిలకు దూరమును బట్టియు, కాలమును బట్టియు హద్దు విధించుటకు పురపాలక సంఘములకు అధికారమిచ్చినది. 1891లో జర్మనీ దేశీయుడు బ్రూన్ టాక్సీ మీటరును రూపొందించెను. ధర చెప్పు పని బండివాని నోటినుండి యంత్రమునకు మారినది.

మన ప్రాంతమున నిజాము రైలు 1874లో సికింద్రాబాదు చేరినది. కాజీపేట – బల్లార్షా మార్గము 1929లో పూర్తియై మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతములను ఒకవైపు ఢిల్లీకి, మరొకవైపు మద్రాసుకు కలిపినది. 1932లో నిజాము రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. రైలుకు, బస్సుకు టిక్కెట్టు ధర నిశ్చితము. స్టేషను వాకిట మాత్రము టాంగావానితోను, రిక్షావానితోను బేరము తప్పలేదు.

నేడు మంచిర్యాలనుండి శ్రీరాంపూర్ గనులవైపు పోవు షేర్ ఆటోలో ఆ బేరమును లేదు. మనిషికి ఇంత యని అందరికిని తెలియును. షిఫ్టుకు పోవు కార్మికుడును, సంతకు పోవు ఇల్లాలును, ఆటో నడుపువాడును ఒకరినొకరు ఎరిగినవారే. అచట న్యాయమును కాపాడునది చట్టమును కాదు, మీటరును కాదు; పరిచయము.

దసరాకు సింగరేణి లాభముల వాటా చేతికందిన యేడు ఆ కుటుంబమే విశాఖపట్టణమో, బెంగుళూరో చూడబోయిన దనుకొందము. అచట ఆ పరిచయము లేదు. ఆ లోటు తీర్చుటకే సెల్‌ఫోను వచ్చినది. 2009లో అమెరికాలో ఊబర్, 2010లో మన దేశమున ఓలా వెలసినవి. 2013లో ఊబర్ బెంగుళూరు చేరినది. బండి ఎక్కకమునుపే కిరాయి, నడుపువాని పేరు, బండి నంబరు తెరమీద కనిపించును. భాష రాకున్నను నాలుగు అంకెలు చెప్పిన చాలును. తెలియనివానికి ఇంతకంటె మేలు మునుపెన్నడును జరుగలేదు.

అయినను తగవు తీరలేదు. వాన కురిసినను, పండుగ రద్దీ పెరిగినను అదే దారికి కిరాయి పెరుగును. కేంద్ర ప్రభుత్వము 2020లో ఈ పెంపునకు మూలధరపై ఒకటిన్నర రెట్ల హద్దు సూచించి, 2025లో దానిని రెండు రెట్లు చేసినది. సొంత బండి నడుపువానికి కిరాయిలో కనీసము 80 శాతము దక్కవలెనని రెండుసార్లును చెప్పినది. ఈ మార్గదర్శకములను అమలు చేయవలసినవి రాష్ట్రములే. ఇట్టి శ్రామికుల సంక్షేమమునకు 2023లో రాజస్థాన్ దేశమున మొదటి చట్టము చేసినది.

ఇట్టి హద్దులు ఏల కావలసివచ్చినవి? మునుపు ధర తెలిసినవాడు బండివాడు, తెలియనివాడు ప్రయాణికుడు. నేడు ఇద్దరును తెలియనివారే. ధర ఎట్లు కట్టబడినదో ముందు కూర్చున్నవానికిని తెలియదు, వెనుక కూర్చున్నవానికిని తెలియదు. ఇద్దరికిని మధ్య నున్న లెక్క ఎక్కడో జరుగుచున్నది.

కావున సెలవులకు పోవువారము నంబరు సరిచూచుకొని బండి ఎక్కుదము. రెండుచోట్ల ధర పోల్చి చూతము. కిరాయి హెచ్చినదని నడుపువానిపై కోపగించుటకు ముందు, అందు అతని వంతు ఎంతయో ఒక్కమాట అడుగుదము. అతడును మనవలెనే ఏదో ఊరు విడిచి వచ్చినవాడై యుండవచ్చును. షేర్ ఆటోలో మనకు అలవడిన ఆ పరిచయము పరాయి ఊరిలోను అట్లే మొదలగును.