అందరి దేవుడు, కొందరి ధర్మశాస్త్రం: యూదు ఆలోచనలో అన్యులకు చోటు, కోనసీమ వైపు నుంచి ఒక పరిశీలన

దేవుడు ఒక్కడేనని పట్టుబట్టిన యూదు సంప్రదాయం, మతం కూడా ఒక్కటే ఉండాలని మాత్రం పట్టుబట్టలేదు. సీనాయి కొండ దగ్గర ఇచ్చిన 613 ఆజ్ఞలు ఇశ్రాయేలు సంతతికి. మిగతా మనుషులకు నోవహు సంతతికిచ్చిన ఏడు ఆజ్ఞలు చాలు. యూదుల ధర్మవ్యాఖ్యాన సంకలనమైన తాల్ముదులోని సన్హెద్రిన్ గ్రంథం వాటిని లెక్కగడుతుంది: విగ్రహారాధన, దైవదూషణ, హత్య, అక్రమ సంబంధాలు, దొంగతనం, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం తినడం కూడదు, న్యాయస్థానాలు ఏర్పరచుకోవాలి. ఇవి పాటించినవాడు యూదుడు కానక్కరలేదు.

ఈ మాట మీద యూదు పండితులందరూ ఒక్కటిగా లేరు. అన్యజనుల్లోని నీతిమంతులకు పరలోకంలో భాగం ఉందా అన్న ప్రశ్నపై రబ్బీ ఎలీయెజెరు లేదన్నాడు, రబ్బీ యెహోషువ ఉందన్నాడు. నిలిచింది రెండో మాటే. 12వ శతాబ్దిలో యూదు ధర్మశాస్త్రవేత్త మైమోనిడిస్ దాన్ని శాసనంగా రాస్తూ ఒక షరతు పెట్టాడు: ఆ ఏడూ బుద్ధికి తోచాయని కాక, దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించాడని ఒప్పుకొని పాటించాలి. ప్రవక్తల్లోనూ రెండు గొంతులు వినిపిస్తాయి. మీకా గ్రంథంలో ఒక్కో జనం తన తన దేవుడి పేరుతో నడుస్తుంది. జెకర్యా చెప్పే చివరి రోజున లోకమంతటికీ రాజు యెహోవా ఒక్కడే. రోజూ చేసే ఆలేను ప్రార్థన ముగిసేది జెకర్యా మాటతోనే. ఒకే మతం అన్న ఆశను యూదులు వదులుకోలేదు, కాలాంతానికి వాయిదా వేశారు. ఈలోగా ఎవరినీ లాక్కురానక్కరలేదు. 2002లో అప్పటి బ్రిటన్ ప్రధాన రబ్బీ జొనాథన్ శాక్స్ తన ‘ది డిగ్నిటీ ఆఫ్ డిఫరెన్స్’లో ఈ భిన్నత్వాన్నే దైవసంకల్పమనే దాకా వెళ్తే, సంప్రదాయ రబ్బీలు అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడు ఆయన కొన్ని వాక్యాలు మార్చి కొత్త ముద్రణ వేశారు.

అయినవిల్లి వినాయకుడికో అంతర్వేది నరసింహస్వామికో మొక్కేవారి సంగతేమిటి? మొదటి ఆజ్ఞే విగ్రహారాధనకు అడ్డు కదా. 2008లో జెరూసలేంలో జరిగిన హిందూ–యూదు మతపెద్దల సమావేశం, హిందువులు ఆరాధించేది ఒకే పరమాత్మనని ప్రకటించింది. ఆ ప్రకటనతో శాస్త్రచర్చ ముగిసిపోలేదు గానీ, తలుపు మాత్రం కొంచెం తెరుచుకుంది.

ఇంతవరకూ ఇది ఉదారమైన సిద్ధాంతమే. నా సందేహం ఇక్కడ మొదలవుతుంది. ‘నీ దారి నీకు చాలు’ అన్న మాట కోనసీమలో ఎలా వినిపిస్తుంది? ఈ లంకలు వేదపండితులకు పేరు మోశాయి. ఆ వేదం పుట్టుకతో కొందరిదే అయింది. ఎవరి స్వధర్మం వారిదన్న మాటతోనే మాల, మాదిగ పేటలను ఊరి బయట ఉంచారు. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు వచ్చాక, గోదావరి పాయ వశిష్ఠకు అవతల నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ సాగింది. అది తెచ్చిన మాట దీనికి పూర్తిగా వ్యతిరేకం: దారి ఒక్కటే, అది అందరికీ. ఇతర మతాలను అది తక్కువ చేసిందన్న విమర్శలో నిజముంది. అయినా ‘నీకు అక్కరలేదు’ అనే మాటే తరతరాలుగా విన్నవాడికి ‘నీకు కూడా’ అన్న పిలుపు ఎంత విలువైనదో చూడకుండా, ఈ డెల్టా చరిత్రను ఎవరూ న్యాయంగా రాయలేరు.

యూదు సిద్ధాంతానికి తెలుగునేల పెట్టిన పరీక్ష గుంటూరు జిల్లాలో ఉంది. చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ క్రైస్తవ కుటుంబాలు, షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో యూదు ఆచారాలు చేపట్టాయి. 1991లో అక్కడ ప్రార్థనా మందిరం వెలిసింది. తమను బెనె ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము గోత్రం వారమని చెప్పుకుంటారు. అష్షూరు రాజులు చెరపట్టి చెదరగొట్టిన ఉత్తర గోత్రాల్లో తమదొకటని, ఉత్తర భారతం మీదుగా దక్షిణాదికి వచ్చామని వారి కథనం. పశుమాంసం తినడం, చనిపోయినవారిని పూడ్చడం తమ పూర్వాచారానికి గుర్తులంటారు. ఊరు అంటరానితనానికి కారణంగా చూపినవే వారి చేతిలో వంశానికి ఆనవాళ్లయ్యాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి 2013లో ప్రచురించిన ‘ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ ఈ సముదాయాన్ని కులం, మతం రెండిటి నేపథ్యంలో చదివింది.

వీరి కోరిక ప్రయోజనం కోసమేనని తేల్చేసేవారు ఒక సంగతి గమనించాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఆ జాబితాలో యూదు మతం లేదు. కాగితం మీద యూదులమని రాసుకుంటే పోయేది ఎక్కువ.

పోయిన వంశాన్ని తిరిగి అడగడం కోనసీమ పాఠకులకు కొత్త కాదు. జిల్లా పేరులో ఉన్న అంబేడ్కరే 1948లో, అంటరానివారు ఒకనాటి బౌద్ధులని వాదిస్తూ పుస్తకం రాశారు. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘రాగవాసిష్ఠం’ నాటకంలో అరుంధతీ వసిష్ఠుల కథను దళిత దృష్టితో తిరిగి చెప్పారు. యాకోబి సోదరుల ఎఫ్రాయిమును నేను ఈ వరుసలోనే పెడతాను. ఈ ముగ్గురి మూలకథలు చరిత్ర పరీక్షకు ఎంతవరకు నిలుస్తాయన్నది వేరే విచారణ. మనల్ని తక్కువగా పుట్టించలేదు, తక్కువగా చేశారు అన్న వాదనలో మాత్రం మూడూ ఒక్కటే. 2022 మే 24న అమలాపురం తగలబడింది జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీదే. పేరు, వంశం ఇక్కడ ఎంత బరువైనవో ఆ రోజు చూసినవారికి వేరే చెప్పాల్సిన పని లేదు.

అందుకే బెనె ఎఫ్రాయిము మీద చర్చ రక్తం చుట్టూ తిరగడం పొరపాటని నా అభిప్రాయం. మణిపుర్, మిజోరం ప్రాంతాల బ్నెయ్ మెనాషేను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ పోయిన గోత్రం సంతతిగా ఒప్పుకున్నారు. అయినా వారు శాస్త్రోక్తంగా మతంలో చేరాల్సిందే. కొత్తరెడ్డిపాలేనికి అలాంటి గుర్తింపు రాలేదు. రక్తం ఒప్పుకున్నా చేరిక తప్పనప్పుడు, వంశాన్ని రుజువు చేయమని పేదల్ని నిలదీయడం దేనికి?

రక్తానికే పెద్దపీట వేసిన యూదు ఆలోచన ఒకటుంది. 12వ శతాబ్దపు యెహూదా హలేవి, కొత్తగా చేరినవారు పుట్టుయూదులతో సమానం కారన్నాడు. ఆ తర్కం మన అగ్రహారాల్లో ఎవరికైనా సులువుగా అర్థమవుతుంది. మైమోనిడిస్ దానికి ఎదురు నిలిచాడు. ఓబద్యా అనే వ్యక్తి యూదు మతంలో చేరి, ప్రార్థనలో ‘మా పితరుల దేవుడు’ అనవచ్చునా అని అడిగితే, అనవచ్చునని ఉత్తరం రాశాడు. అబ్రాహాము మార్గంలోకి వచ్చిన ప్రతివాడికీ అబ్రాహామే తండ్రి అన్నది ఆయన కారణం. ఏడు ఆజ్ఞల సిద్ధాంతాన్ని ఈ ఉత్తరంతో కలిపి చదివితేనే అది న్యాయంగా నిలుస్తుంది. రానక్కరలేదని చెప్పే హక్కు, వచ్చినవాణ్ని కొడుకుగా చూసేవారికే ఉంటుంది.

చేరికకు విధానమూ ఉంది. తాల్ముదులోని యెబామోత్ గ్రంథం ప్రకారం, వచ్చినవాణ్ని ముందు అడగాలి: ఇశ్రాయేలీయులు ఈ కాలంలో అణగారి, తరుమబడి ఉన్నారని తెలిసి కూడా ఎందుకు వచ్చావు? తెలుసు, అయినా నేను అర్హుణ్ని కాను అని జవాబిస్తే వెంటనే స్వీకరించాలి. తర్వాత తేలికైన ఆజ్ఞలు కొన్ని, బరువైనవి కొన్ని చెప్పాలి. మరీ బెదిరించకూడదు, మరీ తరచి అడగకూడదు. అణగారి బతకడమంటే ఏమిటో మాదిగపల్లెకు ఎవరూ నేర్పనక్కరలేదు. తండ్రి ఏ గోత్రం వాడన్న ప్రశ్న ఆ విధానంలో ఎక్కడా లేదు.