చవక సుషీ: చరిత్ర నేర్పే జాగ్రత్తలు



మీ ఊళ్ళో కొత్తగా ఒక జపాను భోజనశాల తెరిచారనుకోండి. మధ్యాహ్నం పూట సుషీ భోజనం బిర్యానీ ధరకే ఇస్తామని గుమ్మం ముందు బోర్డు పెట్టారు. పిల్లలు వెళ్దామని మారాం చేస్తున్నారు. మీకేమో అనుమానం: పచ్చి చేపను అంత చవకగా పెడుతున్నారంటే కడుపు గతి ఏమిటి? ఈ సందేహానికి సమాధానం వైద్య గ్రంథాలలో కొంత, సుషీ చరిత్రలో కొంత ఉన్నది. రెండింటినీ కలిపి చూద్దాం.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. సుషీ అనగా పచ్చి చేప కాదు. ఆ మాట మూలంలో పులుపును సూచిస్తుంది. ఆగ్నేయాసియా వరి పొలాల ప్రాంతాలలో నదీ చేపలను ఉప్పు, అన్నంతో కలిపి నెలల తరబడి ఊరవేసేవారు. అన్నం పులిసి పుట్టిన లాక్టిక్ ఆమ్లం చేపను కుళ్ళకుండా కాపాడేది. తినేటప్పుడు అన్నాన్ని పారవేసి చేపను మాత్రమే తినేవారు. ఈ పద్ధతి జపానుకు చేరింది. 927లో పూర్తయిన 'ఎంగిషికి' అనే శాసన గ్రంథంలో సుషీని పన్నుగా చెల్లించే వస్తువులలో చేర్చారు. బివా సరస్సు తీరంలో 'ఫునాజుషి' పేరుతో ఆ పాత రుచి నేటికీ బ్రతికి ఉన్నది.

ఊరవేయడానికి నెలలు పట్టేది. ఆ కాలాన్ని నిమిషాలకు తగ్గించినది వెనిగర్. 1804లో హండా పట్టణపు సారాయి వ్యాపారి నకానో మతాజెమోన్ సాకే పిప్పి నుండి చవకగా వెనిగర్ తయారుచేయడం మొదలుపెట్టాడు. అది నేటి టోక్యో అయిన ఎదో నగరానికి ఓడలపై చేరింది. 1820లలో హనాయా యోహే వంటి వంటవారు వెనిగర్ కలిపిన అన్నాన్ని చేతితో ముద్దచేసి, పైన చేపముక్క పెట్టి అమ్మసాగారు. వీధి బండ్ల వద్ద కూలీలు నిలబడి, ఒకటి రెండు ముద్దలు తిని వెళ్ళిపోయేవారు. అంటే సుషీ పుట్టుకతోనే పేదవాని ఫలహారం!

ఆనాడు మంచుపెట్టెలు లేవు. మరి రోగాలు రాకుండా ఎట్లా చూసుకున్నారు? ట్యూనాను సోయా రసంలో నానబెట్టేవారు. కొహదా వంటి చిన్న చేపలకు ఉప్పు రాసి వెనిగర్‌లో ముంచేవారు. అనాగో అనే సముద్రపు పాము చేపను ఉడికించేవారు. త్వరగా చెడే కొవ్వు ట్యూనాను పారవేసేవారు. నేడు అత్యంత ఖరీదైనది ఆ ముక్కే! మన పులిహోర ప్రయాణంలో చెడకపోవడం వెనుకనున్న సూత్రమే సుషీ అన్నానిది కూడా. పులుపు ఎక్కువైన చోట సూక్ష్మజీవులు తేలికగా పెరగలేవు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం, 1947లో ఆహార కొరత వలన ప్రభుత్వం భోజనశాలలపై నిషేధం విధించింది. టోక్యో సుషీ వర్తకులు ఒక ఉపాయం కనిపెట్టారు. వినియోగదారుడే ఒక 'గో' బియ్యం, అనగా సుమారు 150 గ్రాములు తెచ్చియిస్తే, దానికి బదులుగా పది సుషీ ముద్దలు చేసి యిచ్చి కూలి మాత్రమే తీసుకునేవారు. 1958లో ఒసాకా సమీపాన షిరాయిషి యోషియాకి, బీరు కర్మాగారంలో సీసాలు కదిలే పట్టీని చూసి, పళ్ళెములు తిరిగే సుషీ శాలను ప్రారంభించాడు. వడ్డించే మనుషులు తగ్గారు, ధర తగ్గింది. కాబట్టి చవక అనగానే పాచిది అని భావించనక్కరలేదు.

అయితే పులుపు, ఉప్పు, వసాబి అణచలేని శత్రువు ఒకటున్నది. అది అనిసాకిస్ అనే సముద్రపు పురుగు. 1960లో నెదర్లాండ్స్ వైద్యులు, తక్కువ ఉప్పు వేసిన పచ్చి హెర్రింగ్ తిన్నవారి పేగులలో దానిని గుర్తించారు. 1968లో ఆ దేశం హెర్రింగ్‌ను గడ్డకట్టించాలని చట్టం చేయగా రోగులు బాగా తగ్గిపోయారు. జపానులో సైతం మైనస్ 20 డిగ్రీల వద్ద 24 గంటలు ఉంచాలని సూచిస్తారు. అమెరికా నియమం అదే ఉష్ణోగ్రతలో 7 రోజులు. పురుగు చచ్చినా సూక్ష్మజీవులన్నీ చావవు. ట్యూనాను సరిగా చల్లబరచకపోతే పుట్టే హిస్టమిన్ అనే పదార్థం గడ్డకట్టించినా, వండినా పోదు.

అందుచేత భోజనశాలలో మీరు ధర కంటే ముందు మూడు ప్రశ్నలు అడగండి. పచ్చిగా వడ్డించే చేపను ఎంత చల్లదనంలో, ఎంతకాలం గడ్డకట్టించారు? ఏ పూట ముక్కలు కోశారు? అద్దాల పెట్టె నిజంగా చల్లగా ఉన్నదా? జవాబు తడబడితే దోసకాయ చుట్ట, గుడ్డు, ఉడికించిన రొయ్య సుషీ తినండి, లోటేమీ లేదు. గర్భిణులు, చంటిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి చేప మానుకోవడమే శ్రేయస్కరం. రక్తపోటు ఉన్నవారు సోయా రసంలో చేపను కొసన మాత్రమే అద్దుకోండి, అన్నాన్ని ముంచకండి. పచ్చి చేప తిన్న కొద్ది గంటలలో పొట్ట పైభాగాన తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ అని మాత్రలు మింగి ఊరుకోక, ఏమి తిన్నారో వైద్యునికి తప్పక చెప్పండి. ఎండోస్కోపీతో ఆ పురుగును తొలగించవచ్చు.

ఎదో కూలీవాడు బండి ముందు నిలబడి నిశ్చింతగా తిన్నాడంటే, వంటవాడు ముందుగానే చేపకు ఉప్పు, పులుపు, నిప్పు చూపించాడు కనుక. నేడు ఆ బాధ్యత శీతలయంత్రానిది. అది సక్రమంగా నడుస్తున్నదా అని అడిగి తెలుసుకోవడం మీ హక్కు. తెలుసుకున్న తరువాత పిల్లలతో కలిసి హాయిగా ఆరగించండి.