బొంబాయి ప్లేగు నేర్పిన పాఠము

ఉగాదికి ముందు అటకలు దులిపి, గోడలకు సున్నము వేయుట మన ఇండ్లలో ఆచారము. అది మంచిదే. కాని సున్నము ఒక్కటే రోగమును ఆపజాలదని మనము నివసించుచున్న ఈ నగరము ఒకప్పుడు వేలాది ప్రాణములు అర్పించి తెలిసికొన్నది. ఆ కథను పండుగ వేళ గుర్తు చేయదలచినాము.

1896 సెప్టెంబరులో రేవు ప్రక్కనున్న మాండవిలో, ధాన్యపు కొట్ల నడుమ ప్లేగు బయలుపడినది. డాక్టరు అకాసియో వియేగాస్ దానిని గుర్తించెను. తీవ్రమైన జ్వరము, గజ్జలలోను చంకలలోను బిళ్ళలు, కొద్ది రోజులలో మరణము. నైజాము సీమనుండి వచ్చి, కామాఠీపురకు తమ పేరునిచ్చిన మన తెలుగు కూలీలు కాపురమున్న నగరమది.

ఈ రోగమునకు మూలమైన బాక్టీరియాను 1894లోనే యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు హాంకాంగులో కనుగొనెను. శత్రువు తెలిసినాడు గాని వాడు వచ్చు త్రోవ తెలియలేదు. దుర్గంధమే కారణమనుకొని అధికారులు కాలువలు కడిగించిరి. ఇండ్లు సోదా చేసి రోగులను బలవంతముగా ఆసుపత్రులకు తరలించిరి. రైలు స్టేషనులలో ప్రయాణికులను ఆపి పరీక్షించిరి. జనము భయపడి రోగులను దాచిరి. లక్షలమంది ఊరు విడిచిరి.

1898లో కరాచీలో సిమాన్ అను ఫ్రెంచి వైద్యుడు ఆ త్రోవను కనిపెట్టెను. ఎలుక చచ్చి చల్లబడగానే, దాని ఒంటిపై బ్రతుకు చిన్న దుముకుడు పురుగులు మరొక ప్రాణిని వెదకుకొనును. అవి మనిషిని కుట్టినప్పుడు బాక్టీరియా శరీరములోనికి ప్రవేశించును. మొదట పలువురు ఆయనను నమ్మలేదు.

ఈలోపల బొంబాయిలో హాఫ్‌కిన్ టీకాను తయారుచేసెను. పులుసునీటిపై తేలు నేతిచుక్కల క్రింద బాక్టీరియాను పెంచి, వేడిచేసి చంపి, 1897 జనవరి 10న మొదట తన శరీరమునకే ఎక్కించుకొనెను. ఐతే 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో ఒక సీసాలోని టీకా వేయించుకొన్న 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. అది వేరొక బాక్టీరియా పని. నింద హాఫ్‌కిన్‌పై పడినది. 1907లో గాని అది తొలగలేదు. పరేలులోని సంస్థకు 1925లో ఆయన పేరు పెట్టిరి.

నేడు త్వరగా యాంటీబయాటిక్ మందులిచ్చినచో ప్లేగు రోగులు చాలవరకు బ్రతుకుదురు. ఐనను పాఠము పాతబడలేదు. రోగి దాగుకొనవలసిన పరిస్థితి ఉన్నంతకాలము క్రిమిదే పైచేయి. కనుక ఈ ఉగాదికి అటకలతోపాటు ధాన్యపు మూలలను కూడ దులుపుదము. జ్వరము వచ్చినచో దాచక వైద్యునికి చూపుదము.