చదరంగపు గళ్ళలో జారిపోయిన సున్న

నా చిన్ననాట మా తాతగారు ఒక చంపకమాలను వల్లె వేయించేవారు. పావులూరి మల్లన గణితంలోనిదిగా ప్రసిద్ధి పొందిన పద్యమది. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ అరువది నాలుగు గళ్ళూ నింపితే మొత్తమెంత అన్నది అందలి విషయం. సమాధానం అంకెలలో ఉండదు, మాటలలో ఉంటుంది. శరమంటే 5 (మన్మథుని బాణాలు), కుంజరమంటే 8 (దిగ్గజాలు), గగనమంటే సున్న. మొదటి మాట ఒకట్ల స్థానం. అక్కడినుండి ఎడమకు నడవాలి.

పెద్దయ్యాక ఒకనాడు మాటలను అంకెలుగా మార్చి చూచుకొన్నాను. నాకు పంతొమ్మిది స్థానాలే వచ్చాయి. నవశేష పరీక్ష చేశాను: నా సంఖ్యలోని అంకెల మొత్తం 87, తొమ్మిదిచేత భాగిస్తే శేషం 6. అసలు సంఖ్యకూ రావలసినది ఆరే. తృప్తిపడి, చాలా ఏళ్ళు ఆ తప్పు సంఖ్యనే అడిగినవారికీ అడగనివారికీ చెబుతూ వచ్చాను.

తప్పు నా పదవిభాగంలో ఉన్నది. వియత్తు, నగము అన్న రెండు మాటలు సంధిలో కలిసిపోతే దానిని ఒక్క కొండగా భావించి 7 వేసుకొన్నాను. ఆకాశం, అంటే సున్న, జారిపోయింది. పద్యం చెడలేదు కనుక ఛందస్సు హెచ్చరించలేదు. సున్న పోతే అంకెల మొత్తం మారదు కనుక నవశేషమూ పట్టలేదు. సరియైన సంఖ్య ఇరువది స్థానాలది: 18446744073709551615.

నన్ను పట్టించినది 17. రెండును అరువది నాలుగు మార్లు హెచ్చించి ఒకటి తీసివేస్తే వచ్చే ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరింటి లబ్ధం. నా సంఖ్యను 17 చేత భాగిస్తే 4 మిగిలింది!

ఈ ఆరింటికీ ఒక కథ ఉన్నది. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దిలో ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజమే. ఆరవదానిని 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు. 641 అంటే 5ను 128తో హెచ్చించి ఒకటి కలిపినది. 5, 2ల చతుర్ఘాతాల మొత్తం కూడా అదే. ఈ రెండు రూపాలు పక్కపక్కన పెట్టుకొంటే ఋజువు నాలుగు పంక్తులలో తేలుతుంది. మిగిలిన భాగం 6700417.

ఈ లెక్క మొదట కట్టినది మనవారేనన్న అతిశయోక్తి నాకు ఇష్టంలేదు. 1000 ప్రాంతంలోనే అల్ బెరూనీ దీనిని గణించాడు. మల్లన గ్రంథానికి మూలమైన మహావీరాచార్యుని గణితసారసంగ్రహం 9వ శతాబ్దిది. మల్లన కాలం 11వ శతాబ్ది అన్నదే ప్రసిద్ధమైనా, పండితులలో భేదాభిప్రాయాలున్నాయి. ఇరువది స్థానాలను నాలుగు పాదాలలో యతిప్రాసలతో బంధించడం మాత్రం నిస్సందేహంగా తెలుగు పని.

గింజలను అరువది నాలుగు మార్లు కూడనక్కరలేదు. 256ను వర్గిస్తే 65536, దానిని వర్గిస్తే 4294967296, దానిని మరొకమారు వర్గించి ఒకటి తీసివేస్తే చాలు. ఇటువంటి వర్గమార్గం పింగళుని ఛందశ్శాస్త్రంలోనే ఉన్నది. ఆ చివరి వర్గాన్ని కాగితంమీద చేయడానికి నాకు ఒక పూట పట్టింది. మొదటిసారి మళ్ళీ సున్న దగ్గరే తప్పాను.