భానుమతికి ఆ కుర్చీ ఎవరిచ్చారు?

పాత సినిమాల కబుర్లలో భానుమతి పేరు రాగానే రెండే విషయాలు బయటికొస్తాయి. ఒకటి ఆవిడ పొగరు, రెండోది 'మిస్సమ్మ' ఆవిడ చేజారిపోయిన కథ. ఆ కథ ఎవరు చెప్పినా "అలా సావిత్రి స్టార్ అయిపోయింది" అన్న మాటతోనే ముగిస్తారు. 'మిస్సమ్మ' వచ్చింది 1955లో. అంతకు రెండేళ్ళ ముందే, 1953లో, భానుమతి తమ సొంత బ్యానర్ మీద 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింట్లోనూ తనే డైరెక్ట్ చేసింది. అందులో కవల అక్కచెల్లెళ్ళుగా ద్విపాత్రాభినయం కూడా చేసింది. ఇప్పుడైతే దీన్ని పాన్ ఇండియా అని ఊదరగొట్టేవాళ్ళం. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఈ సంగతి మాత్రం కబుర్లలో ఎవరూ ఎత్తరు.

నేను సినిమా పండితుణ్ణి కాను, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ మా ఫీల్డులో ఏ ప్రోడక్టు గురించి విన్నా "దీనికి డబ్బు ఎవరు పెట్టారు, నిర్ణయాలు ఎవరు తీసుకున్నారు" అని అడగడం అలవాటైపోయింది కదా. అదే ప్రశ్న పాత తెలుగు సినిమాలని అడిగి చూడండి. తెర మీద మొహాలుగా మాత్రమే మనం గుర్తు పెట్టుకున్న ఆడవాళ్ళు కొందరు నిజానికి కంపెనీ యజమానులని తేలుతుంది.

ఇది మన దగ్గరే మొదలవలేదు. మన దేశంలో మొదటి మహిళా దర్శకురాలిగా చెప్పుకునే ఫాత్మా బేగం మూకీల కాలంలో, 1926లో, బొంబాయిలో సొంత కంపెనీ పెట్టుకుని 'బుల్‌బులే పరిస్తాన్' తీసింది. దక్షిణాదిన టి.పి. రాజలక్ష్మి 1936లో తమిళంలో 'మిస్ కమల' తీసింది. నవల ఆవిడదే, నిర్మాణం ఆవిడదే, దర్శకత్వమూ ఆవిడదే. ఈ ఇద్దరినీ "అమ్మా, మా సినిమా డైరెక్ట్ చేసి పెట్టండి" అని ఎవరూ పిలవలేదన్నది గమనించండి.

ఇక మనవాళ్ళ సంగతి. కన్నాంబ, ఆవిడ భర్త కడారు నాగభూషణం కలిసి రాజరాజేశ్వరీ ఫిలింస్ నడిపారు. అంజలీదేవికి, సంగీత దర్శకుడైన భర్త ఆదినారాయణరావుకి అంజలీ పిక్చర్స్ ఉండేది. 'అనార్కలి' (1955), 'సువర్ణసుందరి' (1957) వాళ్ళవే. ఎన్టీఆర్ మొదటి సినిమా 'మనదేశం' (1949) అని క్విజ్ పోటీల్లో చిన్నపిల్లలు కూడా చెప్తారు. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ అని కూడా కొందరు చెప్తారు. నిర్మాత ఎవరు అని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. నిర్మాత సి. కృష్ణవేణి. అప్పటికే పేరున్న నటి, గాయని. శరత్ నవల 'విప్రదాస్' ఆధారంగా ఆ సినిమా తీయించి, ఒక కొత్త కుర్రాడికి వేషమిచ్చిన నిర్మాత ఆవిడే. ఆ కుర్రాడి విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. కృష్ణవేణిగారు మాత్రం 2025 ఫిబ్రవరిలో, నూరేళ్ళు నిండాక పోతే, ఆ వార్తకి కూడా "ఎన్టీఆర్‌ని పరిచయం చేసిన" అన్న తోక తగిలిస్తే తప్ప జనానికి అర్థం కాలేదు.

మరి ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఇదెలా కుదిరింది? నాకర్థమైనంతవరకూ కారణం డబ్బు వచ్చే దారిలో ఉంది. అప్పట్లో సినిమాకి పెట్టుబడి చాలావరకు డిస్ట్రిబ్యూటర్లిచ్చే అడ్వాన్సుల రూపంలో వచ్చేది. డిస్ట్రిబ్యూటరు చూసేది ఒక్కటే, ఎవరి పేరు మీద టిక్కెట్లు తెగుతాయి అని. నలభైలు, యాభైల్లో హీరోయిన్ల పేర్లకి కూడా ఆ శక్తి ఉండేది. భానుమతి నటించడమే కాదు, పాటలు కూడా తనే పాడుకునేది. అంటే ఒక్క పేరు మీద రెండు ఆకర్షణలన్నమాట. అలాంటి మనిషి వేరేవాళ్ళ దగ్గర జీతానికి పనిచేసే బదులు, తన పేరు మీద వచ్చే డబ్బుతో తనే సినిమా తీస్తే? సరిగ్గా అదే చేసింది. 1943లో, అప్పట్లో అసిస్టెంట్ డైరెక్టరుగా ఉన్న పి.ఎస్. రామకృష్ణారావుని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. 1947లో కొడుకు పేరుతో భరణీ పిక్చర్స్ మొదలైంది. 'రత్నమాల' (1948), 'లైలా మజ్ను' (1949) భర్త దర్శకత్వంలో వచ్చాయి. తర్వాత మద్రాసులో భరణీ స్టూడియో కూడా వెలిసింది. దర్శకత్వం చెయ్యాలని అనుకున్నప్పుడు ఆవిడ ఇంటి బయట ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేకపోయింది. పొగరు అని మనం అంటున్నది చాలావరకు ఈ స్వతంత్రమేనని నా అనుమానం. ఇవే లక్షణాలు కంపెనీ పెట్టిన మగవాడిలో కనిపిస్తే "విజన్ ఉన్నవాడు" అంటాం కదా!

సావిత్రి విషయంలో ఇంకో రకం అన్యాయం జరిగింది. 1968లో 'చిన్నారి పాపలు'తో ఆవిడ దర్శకురాలైంది. ఆ సినిమా చాలావరకు ఆడవాళ్ళ జట్టు తీసింది. కథ వీరమాచనేని సరోజినిది, సంగీతం గాయని పి. లీల, నృత్యాలు రాజసులోచన. యాభై ఏళ్ళ తర్వాత కూడా తెలుగులో ఇలాంటి జట్టు కనిపించడం అరుదు. సినిమా డబ్బులు తేలేదు. ఆ తర్వాత 'మూగమనసులు'ని తమిళంలో 'ప్రాప్తం' (1971)గా తీసి ఇంకా నష్టపోయింది. ఇప్పుడు సావిత్రి కథ చెప్పేవాళ్ళంతా దర్శకత్వాన్ని తాగుడు పక్కన పెట్టి, ఆవిడ చేసిన తప్పుల పట్టీలో ఒకటిగా రాసేస్తారు. "ఎందుకొచ్చిన గొడవ, హాయిగా నటించుకోక" అని నిట్టూరుస్తారు కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1970లో, రాజ్‌కపూర్ 'మేరా నామ్ జోకర్' తీసి నిలువునా మునిగాడు. ఆస్తులు తాకట్టులో పడ్డాయి. ఆ కథని మనం ఎలా చెప్పుకుంటాం? కళ కోసం సర్వస్వం ఒడ్డిన మహానుభావుడు అని. 1973లో 'బాబీ'తో తిరిగి లేచాడు నిజమే. కానీ అతనికి మళ్ళీ అప్పు పుట్టింది కాబట్టి లేచాడన్నది కూడా నిజమే. నష్టం ఇద్దరికీ వచ్చింది. ఒకరికది సాహసం, ఇంకొకరికి అతి తెలివి! ఒక ఫ్లాపు తర్వాత రెండో ఛాన్సు ఎవరికి దొరుకుతుందన్న దాంట్లోనే అసలు వివక్ష ఉంటుంది.

డెబ్భైలొచ్చేసరికి మార్కెట్టు పూర్తిగా హీరోల చుట్టూ తిరగడం మొదలైంది. అడ్వాన్సులు హీరో పేరు మీదే. ఆ కాలంలోనూ విజయనిర్మల నిలబడిందంటే చిన్న విషయం కాదు. 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'తో తెలుగులో దర్శకురాలై, మొత్తం 44 సినిమాలు తీసి, 2002లో గిన్నిస్ బుక్కులోకెక్కింది. ఆవిడకీ సొంత సంస్థ ఉంది, హీరో కృష్ణ ఇంట్లోనే ఉన్నాడు. ఇది ఆవిడ ప్రతిభని తక్కువ చెయ్యడానికి అనడం లేదు. ఆ రెండూ లేని ప్రతిభావంతులు ఎంతమంది అసిస్టెంట్లుగానే ఆగిపోయారో అని అడుగుతున్నానంతే.

మరి సొంత బ్యానరు, స్టార్ పేరు రెండూ లేకుండా దారే లేదా? ఒకటి ఉంది, దానికీ మన హైదరాబాదుతో సంబంధం ఉంది. హైదరాబాదులో పుట్టిన దీపా ధన్‌రాజ్, మరి కొందరు మిత్రులు కలిసి 1980లో 'యుగాంతర్' అనే బృందం పెట్టారు. పూనాలో పనిమనుషుల మీద, నిపాణిలో పొగాకు కార్మికురాళ్ళ మీద సినిమాలు తీశారు. 1983లో హైదరాబాదు స్త్రీశక్తి సంఘటనతో కలిసి తెలుగులో 'ఇది కథ మాత్రమేనా?' తీశారు. ఇంట్లో ఆడవాళ్ళు పడే హింస మీద, అరగంట కూడా లేని బ్లాక్ అండ్ వైట్ సినిమా. గృహహింసని నేరంగా చేర్చిన 498ఏ సెక్షను వచ్చింది కూడా ఆ ఏడాదే. సినిమాని మహిళా సంఘాల్లో, బస్తీల్లో వేసి, అయ్యాక కూర్చుని మాట్లాడుకునేవారు. తర్వాతి కాలంలో బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ ఈ సినిమాలని డిజిటల్‌లోకి పునరుద్ధరించింది. మన సినిమాని భద్రపరచడానికి జర్మనీవాళ్ళు పూనుకోవాల్సొచ్చింది, మనవాళ్ళలో చాలామందికి దాని పేరే తెలియదు. మన ఓపెన్ సోర్సు ప్రాజెక్టుల్లాగే ఇక్కడా స్వేచ్ఛ బోలెడు, డబ్బు సున్నా :)

ఇప్పుడేమైనా మారిందా? కొంత మారింది. నందినీరెడ్డి లాంటివాళ్ళు వేరే నిర్మాతల సినిమాలతోనే నిలదొక్కుకున్నారు. కానీ పాత దారి ఎంత గట్టిదో చూడండి. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. విశాఖలోని ఆ పేట జనమే చాలా పాత్రలు వేసిన చిన్న సినిమా. నిర్మాత పరుచూరి ప్రవీణ, అమెరికాలో డాక్టరు. అందులో తనే ఒక పాత్ర కూడా వేసింది. ఆవిడే 2025లో 'కొత్తపల్లిలో ఒకప్పుడు'తో దర్శకురాలైంది. ముందు డబ్బు పెట్టు, తర్వాత కుర్చీలో కూర్చో. 1953కీ 2025కీ మధ్య డెబ్భై రెండేళ్ళున్నాయి, దారి మాత్రం అదే.

అందుకే "ఆడవాళ్ళు డైరెక్షన్‌లోకి ఎందుకు రారు?" అనే చర్చ నాకు విసుగు. వందేళ్ళుగా వస్తూనే ఉన్నారు. కాకపోతే ప్రతి ఒక్కరూ తలుపు చేయించుకుని మరీ వస్తున్నారు. మన ఐటీ వాళ్ళలో ఇండీ సినిమాలకీ, షార్ట్ ఫిల్ములకీ తలో చెయ్యి వేసే మిత్రులు చాలామందే ఉన్నారు. ఈసారి స్క్రిప్టు పట్టుకుని ఒకమ్మాయి వస్తే, "ఇంతకుముందు ఏం తీశావు?" అని అడిగే ముందు, అబ్బాయి వస్తే కూడా అదే అడిగేవాళ్ళమా అని ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ మొదటి సినిమా తేడా కొడితే రెండోదానికి కూడా ఒక రూపాయి పక్కన పెట్టండి.