పొడిగాలికి పగిలిన పలక

ఎకౌస్టిక్ గిటార్‌లో పలికేది ప్రధానంగా పై పలకే. స్పెయిన్ పనివాడు ఆంటోనియో దె తోరెస్ 1862లో ఈ సంగతిని చేసి చూపించాడు. పలకను మాత్రం చెక్కతో చేసి, పక్కలనూ వీపునూ అట్టతో కట్టాడు. ఆ గిటార్ నేటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. మామూలుగా స్ప్రూస్ చెక్కతో చేసే ఈ పలక మందం 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. తీగల లాగుడంతా మోసే అంత పల్చటి చెక్క పగలడానికి దెబ్బ తగలక్కర్లేదు, గాలి పొడిబారితే చాలు.

చెక్క ఆరినప్పుడు పొడవులో దాదాపు తగ్గదు, నారకు అడ్డంగా తగ్గుతుంది. గాలిలో తేమ 50 శాతం నుంచి 25 శాతానికి దిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, 40 సెంటీమీటర్ల వెడల్పున్న స్ప్రూస్ పలక 2 మిల్లీమీటర్లకు పైగా కుదించుకోవాలి. లోపల అడ్డంగా అతికించిన కర్రలు దాన్ని కుదించుకోనివ్వవు. రెండువైపులా పట్టి లాగినట్టై, పలక నార వెంబడి చీలుతుంది. ఎక్కువగా గుర్రం (బ్రిడ్జి) వెనకో, మెడ చివర పలకకు అతికిన చోటో ఆ గీత మొదలవుతుంది.

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో ఈ చీలికకు అన్నీ అనుకూలమే. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన, దక్కన్ పీఠభూమి మీద ఉంది. నడివేసవి మధ్యాహ్నాల్లో గాలి తేమ 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. ఏసీ గదిలో ఉన్న తేమా పోతుంది. పైగా విజయవాడ రహదారి నగరంలోకి దిగేది ఎల్.బి.నగర్ దగ్గరే. చదువుకో ఉద్యోగానికో కోస్తా నుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో దిగేవాళ్ల వాద్యం, సముద్రపు గాలికి అలవాటుపడ్డ చెక్క, ఒక్క రాత్రి బస్సు ప్రయాణంతో ఎండుగాలిలో పడుతుంది.

తెలుగువాళ్లకు ఈ బెడద గిటార్‌తో మొదలుకాలేదు. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో 24 మెట్లతో స్థిరపడిన వీణ రూపాన్ని బొబ్బిలి పక్కన గొల్లపల్లిలోని సర్వసిద్ధి కుటుంబాలూ, నూజివీడు పనివాళ్లూ నిలబెట్టారు. బొబ్బిలి పేరు చెబితే గుర్తొచ్చేది ఏకాండి వీణ. కుండనూ దండినీ ఒకే పనస దుంగలో తొలిచి తీస్తారు. అతుకు లేని చోట అతుకు విడిపోయే భయం లేదు. ఏకాండి గురించి చెప్పేవాళ్లు దాని నాదాన్నే పొగుడుతారు కానీ, ఈ నిలకడా అంత గొప్పదే. అయినా కుండ మీది పలక విడి చెక్కే కాబట్టి ఎండుగాలి ప్రభావం దానికీ తప్పదు. మెట్లను పట్టి ఉంచే మైనం కూడా వేసవి వేడికి మెత్తబడుతుంది.

ఎండిన చెక్కకు మందు నీళ్లేనని పల్లెల్లో బండి తోలినవాళ్లందరికీ తెలుసు. ఎండాకాలం చక్రం ఆరి, ఆకులు కదిలి, ఇనుప పట్టా వదులైతే దాన్ని చెరువులో నానబెట్టేవారు. చెక్క ఉబ్బి పట్టా మళ్లీ బిగిసేది. గిటార్‌ను చెరువులో వేయలేరు గానీ, మరమ్మతు మొదలయ్యేది అక్కడే. తడిపి పిండిన స్పాంజిని చిల్లులున్న డబ్బాలో పెట్టి, చెక్కకు తగలకుండా గిటార్‌తో పాటు పెట్టెలో ఉంచి మూసేస్తారు. కొన్ని రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు, చీలిక అంచులు దగ్గరకు వస్తాయి. తొందరపడి ఎండు చీలికలో జిగురు నింపడం ఈ పనిలో జరిగే అతి పెద్ద తప్పు.

అంచులు కలిశాక జిగురు వంతు. 19వ శతాబ్దపు గిటార్లను జంతు చర్మం ఉడికించి తీసిన జిగురుతో అతికేవారు. వేడీ తడీ తగిలితే అది వదులుతుంది కాబట్టి తరువాతి పనివాడు అతుకును విప్పి మళ్లీ చేయగలడు. మన దేశంలో 1959లో ఫెవికాల్ వచ్చాక తెల్ల జిగురు వాడుక పెరిగింది. అది గట్టిదే, కానీ ఒకసారి ఆరిన చోట కొత్త జిగురు సరిగా పట్టదు. సూపర్ గ్లూ నారలోకి పాకి మచ్చ వదులుతుంది. పాత వాద్యానికి ఇప్పటికీ చర్మపు జిగురే మేలు.

జిగురును వేలితో చీలికలోకి ఎక్కించి, పైనా కిందా ఒత్తి బిగిస్తారు. వయొలిన్ మరమ్మతులో ఎప్పటినుంచో ఉన్న పద్ధతిలో లోపలివైపు సుమారు సెంటీమీటరు వెడల్పున్న పల్చటి స్ప్రూస్ బిళ్లలను, వాటి నార చీలికకు అడ్డంగా వచ్చేలా, వరసగా అతికిస్తారు. రంధ్రంలోంచి చెయ్యి దూర్చి, అద్దంలో చూసుకుంటూ చేయవలసిన పని ఇది. తేమ పెట్టినా మూసుకోని వెడల్పు చీలికలో అదే జాతి చెక్క నుంచి తీసిన సన్నని పుల్లను దింపి, పలకకు సమంగా చెక్కుతారు.

హైదరాబాద్‌లో మరో చిక్కు ఉంది. వానాకాలం చీలిక తనంతట తాను మూసుకుంటుంది. నయమైందని వదిలేస్తే వచ్చే మార్చికి అదే చోట ఇంకాస్త పొడవుగా తెరుచుకుంటుంది. అలాగని పలక బాగా ఉబ్బిన ఆ వానల రోజుల్లోనే అతికిస్తే, వేసవిలో ఆ లాగుడు పక్క నార మీద పడుతుంది. అందుకే ఏ నెలలో చేసినా తేమను కొలిచి, 45 నుంచి 55 శాతం మధ్య ఉన్నప్పుడే జిగురు పెడతారు.